సినిమా పాట కానిది హైదరాబాద్‌లో ఎక్కడ వినాలి, ఎలా కనిపెట్టాలి

శనివారం సాయంత్రం ఏడు గంటలకు, ఈ రోజు హైదరాబాద్‌లో ఏముందని ఫోన్‌లో వెతికితే దాదాపు ఎప్పుడూ ఒకే రకం జాబితా వస్తుంది: ఒక సినీ గాయకుడి భారీ కచేరీ, రెండు మూడు స్టాండప్ కామెడీ ప్రదర్శనలు, నాలుగైదు పబ్బుల్లో డీజేలు. అదే వేళకు బంజారాహిల్స్‌లో ఒక ఇంటి పెరట్లో నలభై మంది కూర్చుని, తాము రాసి కట్టుకున్న పాటలు పాడుతున్న ముగ్గురు కుర్రవాళ్లను వింటూ ఉండవచ్చు. చిక్కడపల్లిలో ఎవరో వీణ శ్రుతి చేసుకుంటూ ఉండవచ్చు. శేరిలింగంపల్లి వైపు ఒక నాటక సమాజం తెర లేపుతూ ఉండవచ్చు. ఇవేవీ ఆ జాబితాలోకి రావు. నేను ఈ నగరానికి వచ్చిన మొదటి రెండేళ్లు, ఇక్కడ సినిమా పాట తప్ప మరో సంగీతం లేదని నిజంగానే నమ్మి, అడిగినవాళ్లకు అదే చెప్పాను. ఆ మాట విని నవ్విన ఒక సహోద్యోగి నన్ను చేయి పట్టుకుని తీసుకువెళ్లకపోతే ఇప్పటికీ అదే చెబుతూ ఉండేవాడిని.

కారణం తెలుసుకుంటే దారి కూడా తెలుస్తుంది. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ వంటి యాప్‌లకు తమ ద్వారా అమ్ముడయ్యే టికెట్ల మీదే ప్రధానంగా ఆదాయం. ప్రవేశం ఉచితమైన కచేరీనీ, గుమ్మం దగ్గర నూటయాభై రూపాయలు తీసుకుని లోపలికి పంపే కార్యక్రమాన్నీ ముందుకు తెచ్చి చూపించినందువల్ల వాటికి ఒరిగేదేమీ లేదు. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ పాడినప్పుడు ఆ సంగతి తెలియడానికి ఎవరికీ ఏ మార్గదర్శీ అవసరం కాలేదు. అవసరమంతా ప్రచారానికి డబ్బు లేని కార్యక్రమాల విషయంలోనే. వాటిని ఒక్కొక్కటిగా వెతకబోతే అలసట తప్ప ఏమీ మిగలదు, ఎందుకంటే బ్యాండ్లు విడిపోతాయి, తేదీలు మారిపోతాయి, పోస్టరు కార్యక్రమానికి రెండు రోజుల ముందు కానీ బయటికి రాదు. చోట్లు అలా కాదు, అవి ఏళ్ల తరబడి ఒకే అలవాట్లతో నడుస్తాయి. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా చోటును పట్టుకోవడం మీదే ఆధారపడి ఉంటుంది: ఒకటి రెండు వేదికలను ఎంచుకుని, అవి వారంలో ఏ రోజు ఏం చేస్తాయో, ఎవరు వస్తారో, కబురు ఎక్కడ పెడతారో నేర్చుకుంటే కార్యక్రమాలు వాటంతట అవే తెలుస్తూ ఉంటాయి.

ఏది ఇండీ?

ఇంగ్లీషులో ఇండీ అన్న మాట పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా తయారయ్యే సంగీతాన్ని ఉద్దేశించి పుట్టింది. తెలుగువాళ్లకు రికార్డు కంపెనీ కన్నా చాలా పెద్దది సినిమా. పెళ్లి ఊరేగింపులోనూ, కాలేజీ వార్షికోత్సవంలోనూ, చివరికి పాటల పోటీల్లోనూ సినిమా పాటే పాటగా చెలామణి అయ్యే చోట, సినిమా కోసం కట్టని పాట ఏదైనా స్వతంత్రమైనదే అన్నది నా లెక్క. ఈ లెక్క ఒప్పుకుంటే వెతకవలసిన ప్రాంతం ఒక్కసారిగా విశాలమవుతుంది. తెలుగులో సొంత పాటలు కట్టుకున్న చౌరస్తా, కాప్రిషియో, థ్రీయరీ వంటి హైదరాబాదీ బ్యాండ్లూ, ఇంగ్లీషులో డెత్ మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం వాయించే గాడ్‌లెస్ వంటి బృందమూ ఇందులోకి వస్తాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో ఊరూరా మోగిన ధూంధాం, ఒగ్గుకథ, దర్గా ముంగిట ఖవ్వాలీ, గానసభలో వినిపించే త్యాగరాజ కృతి కూడా వస్తాయి.

మరొక సంగతి. ఇక్కడ బాగా పాడేవాళ్లను సినిమా త్వరగానే తనలోకి లాక్కుంటుంది. చౌరస్తాతో జనానికి తెలిసిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్నారు. దానిని తప్పుపట్టనవసరం లేదు, వాళ్లకు బతుకుతెరువు అది. అయితే ఒక కళాకారుడిని పదిహేను అడుగుల దూరంలో కూర్చుని వినే అవకాశం ఆ మలుపుకు ముందే ఉంటుంది కనుక, ఇంకాస్త పేరు వచ్చాక చూద్దామని వాయిదా వేయకండి.

చోట్లు, వాటి తీరులు

మొదటిసారి వెళ్లేవారికి నేను ఎప్పుడూ లామకాన్ పేరే చెబుతాను. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 మీద, జీవీకే మాల్‌కు ఎదురుగా ఉన్న సందులో, ఫొటోగ్రాఫరూ డాక్యుమెంటరీ దర్శకుడూ అయిన ఎం. హసన్ నివసించిన ఇంటిని 2010లో అందరి కోసం తెరిచిన వేదిక అది. ఉర్దూలో లామకాన్ అంటే చోటు అన్న హద్దు లేనిది అని అర్థం. పెరట్లో పెద్ద బండరాయి, దాని ముందు చిన్న వేదిక, మెట్ల మీదా కుర్చీల్లోనూ కూర్చునే జనం, ఒక పక్క చాయ్, సమోసా. ఒక రోజు నాటకం, మరో రోజు పుస్తక చర్చ, ఇంకో రోజు గజళ్లు లేదా గిటార్లు. చాలా వాటికి ప్రవేశం ఉచితం, టికెట్ ఉన్నా సాధారణంగా సినిమా టికెట్‌కు మించదు. మద్యం ఉండదు కాబట్టి పిల్లలతో, పెద్దలతో వెళ్లవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన సౌకర్యం ఏమిటంటే, ఏ కార్యక్రమమూ లేకపోయినా అక్కడికి వెళ్లి చాయ్ తాగుతూ కూర్చోవచ్చు, ఎవరూ ఎందుకు వచ్చావని అడగరు. పక్క బల్ల మీద మాటలు వింటూ నేను తెలుసుకున్న కార్యక్రమాలు, ఫోన్‌లో తెలుసుకున్న వాటి కన్నా ఎక్కువ.

చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ ఇందుకు పూర్తిగా వేరు. అర్ధశతాబ్దానికి పైగా నడుస్తున్న ఆ ప్రాంగణంలో ప్రధాన మందిరంతో పాటు కళా సుబ్బారావు కళావేదిక వంటి చిన్న హాళ్లు కూడా ఉన్నాయి కనుక, ఒకే సాయంత్రం రెండు మూడు కార్యక్రమాలు పక్కపక్కనే జరగడం మామూలే. వాటిలో పాత సినిమా పాటల విభావరులు చాలానే ఉంటాయి; అయితే వాటి మధ్యలోనే గాత్ర కచేరీ, కూచిపూడి అరంగేట్రం, హరికథ, పద్యనాటకం దొరుకుతాయి. ప్రవేశం దాదాపు అన్నిటికీ ఉచితమే. ఇక్కడ కొత్తవారు తప్పక తెలుసుకోవలసింది సభా మర్యాద. ఆహ్వాన పత్రికలో సాయంత్రం 5.30 అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు ముగిసేసరికి ఏడవుతుంది. కొన్నిచోట్ల పాట ముందు, సన్మానం తర్వాత. కొన్నిచోట్ల సన్మానం మధ్యలో వచ్చి పాటను రెండు ముక్కలు చేస్తుంది. నిర్వాహకులను ఫోన్‌లో అడిగి గానం ఎన్నింటికి మొదలవుతుందో కనుక్కోవడం మర్యాదలేమి ఏమీ కాదు, వాళ్లు సంతోషంగానే చెబుతారు. ముందు వరుసలు అతిథులవి. మూడో వరుస తర్వాత ఎక్కడ కూర్చున్నా ఎవరూ లేపరు.

రవీంద్రభారతి అందరికీ తెలిసిందే. 1961లో, టాగూర్ శతజయంతి సందర్భంగా తెరుచుకున్న ఈ మందిరం అసెంబ్లీ, లక్డీకాపూల్ మెట్రో స్టేషన్లకు మధ్యలో ఉంది. అయితే చాలామంది ప్రధాన ఆడిటోరియం దగ్గరే ఆగిపోతారు. అదే ఆవరణలో లఘు చిత్రాలూ డాక్యుమెంటరీలూ వేసే పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉందని ఏళ్ల తరబడి అటు తిరిగేవారికి కూడా తెలియదు. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభ ఏ విషయం మీద పెట్టినా ముందు ఒక పాట ఉంటుంది. ప్రజా గాయకులను మైకు గోల లేకుండా, డప్పు దెబ్బ ఛాతీకి తగిలేంత దగ్గరగా వినాలంటే అలాంటి సభలకు వెళ్లాలి.

నాటకం మీద ఆసక్తి ఉంటే సురభిని వదలకూడదు. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజం వారసులు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటున్నారు. తాళ్లు, తెరలు, మంటలు, ఆకాశం నుంచి దిగే పాత్రలు, వేదిక పక్కనే హార్మోనియం: ఇవన్నీ కంప్యూటర్ సాయం లేకుండా కళ్ల ముందు జరుగుతాయి. వీలైతే ఒక పక్కగా కూర్చోండి, తెర వెనక తాళ్లు లాగేవారు కూడా కనిపిస్తారు. నా వరకు నాకు సగం ఆనందం అక్కడే ఉంది.

ఖవ్వాలీకి దర్గాలే అసలు వేదికలు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా వంటి చోట్ల గురువారం రాత్రులూ, ఉర్సు (సూఫీ గురువు వర్ధంతి ఉత్సవం) రోజుల్లోనూ వినవచ్చు. హిజ్రీ పంచాంగం చంద్రమానం కనుక ఉర్సు తేదీలు మన క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తాయి; నిరుడు చూసిన తేదీని నమ్ముకుని వెళ్లకూడదు. తల మీద గుడ్డ కప్పుకోవడం, చెప్పులు బయట విడవడం, గాయకుల ముందు అడ్డంగా నడవకపోవడం చాలు, మతం ఎవరూ అడగరు. ఈ నగరపు ఖవ్వాలీకి దేశమంతటా పేరు తెచ్చిన వారిలో పద్మశ్రీ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఒకరు. ఆయన మనవలు వార్సీ బ్రదర్స్‌గా పాడుతున్నారు. వాళ్లను ఆడిటోరియంలో విన్నవారు అదృష్టవంతులే, అయితే ఖవ్వాలీని నేల మీద కూర్చుని వినడంలో ఉన్న దగ్గరతనం కుర్చీలో రాదు.

ఇక గిటార్లు, డ్రమ్స్ ఉన్న బ్యాండ్ల సంగతి. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఉన్న కేఫ్‌లు, పబ్బులే వాటికి ప్రధాన ఆధారం. హార్ట్ కప్ కాఫీ, మూన్‌షైన్ ప్రాజెక్ట్ వంటివి ఈ నగరంలో బ్యాండ్లకు చోటిచ్చినవిగా పేరు పొందాయి. ఈ రంగంలో యాజమాన్యాలూ పేర్లూ తరచూ మారుతుంటాయి కనుక, పేరు కన్నా వారాన్ని గుర్తుపెట్టుకోవడం మేలు. శుక్ర, శనివారాల్లో జనం కలిసి పాడుకోవడానికి తెలిసిన పాటలే కావాలని యాజమాన్యం అడుగుతుంది. సొంత పాటలకు చోటు దొరికేది ఎక్కువగా మంగళ, బుధ, గురువారాల్లో. ఈ ఒక్క విషయం తెలిశాక నా వారం తిరగబడింది. ఇప్పుడు శనివారం ఇంట్లో ఉండి, బుధవారం బయటికి వెళతాను.

గోథే సెంత్రుమ్, అలయన్స్ ఫ్రాన్సేజ్ వంటి విదేశీ భాషా కేంద్రాలను కూడా మరవకండి. భాష నేర్చుకునేవారికి మాత్రమేనని అనుకుని చాలామంది అటు పోరు. ఫ్రాన్స్‌లో 1982లో మొదలై, ఏటా జూన్ 21న జరిగే ప్రపంచ సంగీత దినోత్సవం ఫ్రెంచి కేంద్రాల ద్వారానే మన దేశపు నగరాల్లో వేళ్లూనుకుంది. ఆ రోజు కచేరీలు ఉచితంగా ఉండాలన్నది దాని మూల నియమం.

కబురు ఎలా అందుతుంది

ఎంచుకున్న చోట్లు ఎక్కడ కబురు పెడతాయో కనిపెట్టడం తర్వాతి పని. ఇక్కడ తరాల తేడా స్పష్టంగా ఉంటుంది. సభలు, సాంస్కృతిక సంస్థలు ఇప్పటికీ తెలుగు దినపత్రికల నగర అనుబంధంలో ‘నగరంలో నేడు’ తరహా శీర్షికకే సమాచారం పంపుతాయి. ఒక మూలన చిన్న అక్షరాల్లో, అంత్యక్రియల ప్రకటనకూ ఉచిత వైద్య శిబిరానికీ మధ్య వచ్చే ఆ నాలుగు వాక్యాలు ఏ యాప్‌లోనూ దొరకవు. పేపరు వేయించుకోనివారు ఈ-పేపర్‌లో ఆ ఒక్క పేజీ తెరిచినా సరిపోతుంది. ఆడిటోరియం గేటు పక్కన ఉండే బోర్డు ఇంకా నమ్మదగినది. అటుగా వెళ్లినప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే వారానికి సరిపడా సమాచారం చేతిలో ఉన్నట్టే.

బ్యాండ్లు, కేఫ్‌లు ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంటాయి. అయితే ఫాలో కొట్టి ఊరుకుంటే లాభం లేదు. రెండు రోజుల్లో మాయమయ్యే పోస్టరును ఆ యాప్ మీకు నాలుగో రోజున చూపిస్తుంది, లేదా అసలు చూపించదు. అందువల్ల ముఖ్యమైన ఐదారు ఖాతాలకు నోటిఫికేషన్లు పెట్టుకోవాలి, లేదంటే ప్రతి సోమవారం రాత్రి పది నిమిషాలు కేటాయించి ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. నేను రెండోదే చేస్తాను. చూసిన వాటిని క్యాలెండర్‌లో రాసుకుంటాను, వెళ్లేది లేనిది తర్వాత తేలుతుంది. పోస్టరులో ట్యాగ్ చేసిన పేర్లను కూడా నొక్కి చూడండి: ఆ రోజు డ్రమ్స్ వాయించే వ్యక్తి మరో మూడు బ్యాండ్లలో వాయిస్తూ ఉంటారు, సౌండ్ చూసుకునే వ్యక్తికి నగరంలో జరిగే ప్రతి కచేరీ సంగతీ తెలుస్తుంది. గాయకుడి కన్నా సౌండ్ ఇంజనీరును అనుసరించడం ఎక్కువ ఫలితమిస్తుందని అనుభవం మీద చెబుతున్నాను.

మూడోది, అన్నిటికన్నా విలువైనది, వాట్సాప్ గుంపు. ఇందులోకి వెతికి చేరలేరు, ఎవరో ఒకరు చేర్చాలి. ఒకే చోటికి మూడు నాలుగు సార్లు వెళ్లి, కార్యక్రమం అయ్యాక నిర్వాహకుడితో రెండు మాటలు మాట్లాడి, మళ్లీ ఏదైనా ఉంటే చెప్పండని నంబరు ఇస్తే దాదాపుగా ఎవరూ కాదనరు. ఇళ్లలో కొద్దిమంది కూర్చుని వినే బైఠకులు, డాబా మీది కచేరీలు ఈ గుంపుల్లోనే తిరుగుతాయి, ఎందుకంటే ఇంటి చిరునామాను ఎవరూ బహిరంగంగా పెట్టరు. ఇదే తరహాను పెద్ద ఎత్తున నడిపేది 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ సౌండ్స్. నగరమూ తేదీ మాత్రమే చెబుతారు, చోటు కార్యక్రమానికి కాస్త ముందు తెలుస్తుంది, పాడేదెవరో వెళ్లాకే తెలుస్తుంది. మాట్లాడుకోకుండా, ఫోన్ చూడకుండా వినడం అక్కడి కట్టుబాటు. పబ్బుల్లో కబుర్ల హోరు మధ్య పాట వినలేక విసిగినవారికి అది మంచి మందు.

పోస్టరును చదవడం

ఒకసారి నేను 999 రూపాయలు కట్టి ఒక పబ్బుకు వెళ్లాను. పోస్టరులో రాత్రి 8 అని ఉంది. తొమ్మిదీ నలభై అయిదుకు బ్యాండ్ వేదిక ఎక్కింది, నలభై నిమిషాలు వాయించింది, అందులో రెండే సొంత పాటలు. 999 టికెట్ కాదు, తిండికీ తాగడానికీ వాడుకోవలసిన కవర్ చార్జి. ఆలస్యంగా వడ్డించిన బిర్యానీకి అది ఖర్చయింది. బ్యాండుకు అందులోంచి ఏమీ పోలేదని తర్వాత వాళ్లే చెప్పారు. తప్పు పోస్టరును సరిగా చదవని నాది కూడా.

చూడవలసినవి కొన్నే. ‘ఒరిజినల్స్’ అని ఉంటే సొంత పాటలు. ‘ట్రిబ్యూట్’, ‘కవర్స్’, ‘బాలీవుడ్ నైట్’ అని ఉంటే ఇతరులవి. ‘అన్‌ప్లగ్డ్’ అనేది ఈ మధ్య దేనికైనా వాడే మాట, దానిని లెక్కలోకి తీసుకోకండి. ‘డోర్స్’ పక్కన ఉన్న సమయం గేటు తెరిచే సమయం మాత్రమే, పాటకు అక్కడి నుంచి గంట కలుపుకోవాలి. ఎంట్రీ ఫీజా, కవర్ చార్జా అన్నది ఫోన్ చేసి అడగాలి: మొదటిది వేదికకూ బ్యాండుకూ పోతుంది, రెండోది మీ బిల్లులో సర్దుకుంటుంది. ‘21+’ అని ఉంటే తెలంగాణలో మద్యం అమ్మకానికి ఉన్న కనీస వయసు అది. గుర్తింపు కార్డు అడుగుతారు, కాలేజీలో చదివే తమ్ముడిని వెంటబెట్టుకుని వెళ్లి గుమ్మం దగ్గర తిరిగి రావలసిన పరిస్థితి తెచ్చుకోవద్దు. యాప్‌లో కొనేటప్పుడు టికెట్ ధర మీద కన్వీనియన్స్ ఫీజు, పన్ను కలుస్తాయి, చివరి తెర వరకు వెళితే కానీ అసలు మొత్తం తెలియదు.

ఉచిత కార్యక్రమంలో వేదిక దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటే, పక్కవారు చూస్తున్నారా లేదా అన్న దానితో పని లేకుండా, ఒక సినిమా టికెట్ డబ్బు పంపండి. ఆ రాత్రి నలుగురు సభ్యుల బృందం వాయిద్యాలు మోసుకుని క్యాబ్‌లో ఇంటికి వెళ్లాలి.

ఆ సాయంత్రం

ఆరుబయట కచేరీ పదింటికి ఆగిపోతే నిర్వాహకుల మీద విసుక్కోకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆడిటోరియం వంటి మూసిన గదులకు మినహాయింపు ఉంది. నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 అన్నది పరిమితి. అందువల్ల పెరటి వేదికలు ఏడున్నరకే మొదలుపెడతాయి, హాలులో జరిగేవి పొద్దుపోయేదాకా సాగుతాయి. దీన్ని బట్టి ఇంటికి చేరే దారి ముందే ఆలోచించుకోవాలి. రవీంద్రభారతికి, చిక్కడపల్లికి మెట్రో ఉంది. లామకాన్‌కు మెట్రో దిగి ఆటో ఎక్కాలి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ లోపలి వీధులకు క్యాబ్ తప్పదు. చివరి రైలు సమయాన్ని బయలుదేరే ముందే చూసుకుని, అంతకు ఇరవై నిమిషాల ముందు లేచేలా చివరి వరుసలో కూర్చోవడం మొహమాటం లేని ఉపాయం. ఒంటరిగా వెళ్లే మహిళలకు నా స్నేహితురాలు చెప్పే సలహా ఇది: మొదటిసారి చోటును పగటి కార్యక్రమానికి వెళ్లి చూడాలి, తిరుగు దారీ ఆటో దొరికే మూలా తెలిశాకే రాత్రి కార్యక్రమానికి వెళ్లాలి.

స్పీకరుకు ఆనుకుని నిలబడవద్దు. వినోద వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. చిన్న పబ్బులో దానిని కొలిచేవారెవరూ ఉండరు. సౌండ్ ఇంజనీరు మిక్సర్ ఎక్కడ పెట్టుకున్నారో చూసి, ఆ పక్కన నిలబడండి. ఆయన తన చెవికి సరిపడేలా అన్నీ సర్దుకుంటారు కనుక గదిలో పాట బాగా వినిపించే చోటు అదే.

కాలాలు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ నగరానికి సంగీత రుతువు. పండిట్ జస్‌రాజ్ తన తండ్రి మోతీరాం, అన్న మణిరాం స్మృతిలో 1972 నుంచి జరిపించిన హిందుస్తానీ సంగీత సమారోహం నవంబరు చివర్లో వస్తుంది. మోతీరాం 1934లో ఈ నగరంలోనే కన్నుమూశారు. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు, వాటిలో పంచరత్న కీర్తనల బృందగానం. పాఠం తెలిస్తే మీరు కూడా గొంతు కలపవచ్చు. జనవరిలో, 2010లో మొదలైన హైదరాబాద్ సాహిత్య ఉత్సవం ఉచితంగా ఉంటుంది, సాయంత్రాలు సంగీతానికి కేటాయిస్తారు. ఎండాకాలంలో ఆరుబయట వేదికలు మందగించి హాళ్లు నిండుతాయి. ఆషాఢంలో గోల్కొండ నుంచి మొదలై సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, లాల్‌దర్వాజ దాకా సాగే బోనాలకు టికెట్ ఉండదు, కుర్చీ ఉండదు. డప్పు, పోతరాజు అడుగు వినాలంటే ఉదయమే వెళ్లి ఊరేగింపు దారిలో ఒక అరుగు పట్టుకోవాలి.

మీ ఇల్లే చోటు

ఏడాది తిరిగాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది: ఎక్కడికో వెళ్లడమెందుకు, మన హాలులోనే పెట్టుకుంటే పోలేదా అని. పెట్టుకోవచ్చు. పాతిక మంది చాప మీద పట్టే హాలు, మైకు అక్కర్లేని ఒక గొంతు, ఒక గిటారో హార్మోనియమో ఉంటే చాలు. పిలిచేముందే కళాకారుడితో మొత్తం మాట్లాడుకోండి. వచ్చినవారు ఇచ్చినదంతా మీదేనని చెప్పడం కన్నా, ఇంత ఇస్తామని ముందే చెప్పి, తక్కువైతే మీరు కలపడం గౌరవంగా ఉంటుంది. తలా రెండు వందలు అనుకుంటే పాతిక మందికి అయిదు వేలు, ఒక్క కళాకారుడికి అది ఫరవాలేదనిపించే మొత్తం. ఆరున్నరకు రమ్మని చెప్పి ఏడింటికి మొదలుపెట్టండి, ఫ్యాన్ల చప్పుడు ఎంతుందో ముందు రోజు ఒకసారి కూర్చుని వినండి, తొమ్మిదిన్నరకు ముగించండి. పులిహోర, మజ్జిగ చాలు. అపార్టుమెంటు అయితే కింది వాటా వారికి ముందుగా చెప్పడమే కాదు, వాళ్లను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి.